తాళం ఎవరిచ్చారు?

“మావాడు బ్రహ్మాండంగా తోల్తాడండీ. ఏడో తరగతి నుంచీ తోల్తున్నాడు.”

ట్రాక్టర్ కింద పడ్డ కుర్రాణ్ణి మోసుకొచ్చిన తండ్రులు చాలామంది నాతో మొదట అనే మాట ఇదే. తుంటి ఎముక విరిగి పిల్లాడు మూలుగుతుంటే పక్కన ఈ యోగ్యతాపత్రం. “మరి ఇలా ఎందుకైందయ్యా?” అంటే, “బండి తిరగబడిందండీ” అంటారు. బండికి ఆ పూట అలా బుద్ధిపుట్టిందన్నమాట.

నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ఊళ్లలో వైద్యం చేసేవాడికి ట్రాక్టర్ ఒక రుతువ్యాధి. దమ్ము రోజుల్లో ఒకరకం కేసులు. మిరప కోతల్లో ఇంకోరకం. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు మూడోరకం. డెంగీ వస్తే దోమతెర గురించి ఊరంతా చెప్పుకుంటారు. ట్రాక్టర్‌కి మాత్రం తలరాత ఒక్కటే కారణం.

తలరాత సంగతి నాకు తెలీదుగానీ బండి రాత కొంత తెలుసు. ట్రాక్టర్ వెనక చక్రాలు బురదలో దిగబడి కదలనప్పుడు, యాక్సిలరేటర్ ఇంకా నొక్కితే ఇంజన్ బలం ఎటో ఒకవైపు పోవాలి. చక్రం తిరగనంటే బండే ఆ ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ముందు చక్రాలు లేస్తాయి. అలా లేచిన ముక్కు వెనక్కి పూర్తిగా పడడానికి ఒకటిన్నర సెకను చాలు. క్లచ్ తొక్కాలన్న ఆలోచన తట్టి కాలు కదిలేసరికే అందులో సగం అయిపోతుంది. బ్రహ్మాండంగా తోలేవాడికైనా దొరికేది ఆ ఒకటిన్నర సెకనే.

రోడ్డు మీద ఇంకో చిక్కు. ట్రాక్టర్‌కి బ్రేకు పెడళ్లు రెండు, ఒక్కో వెనక చక్రానికి ఒకటి. పొలంలో గట్టు దగ్గర మలుపు తిప్పుకోవడానికి విడివిడిగా పనికొస్తాయి. రోడ్డెక్కే ముందు రెంటినీ గొళ్లెంతో కలపాలి. కలపకుండా వేగంలో ఒకదాన్నే తొక్కితే బండి ఒకపక్కకు గిర్రున తిరుగుతుంది. వెనక ట్రక్కుకు చాలావాటికి బ్రేకులే ఉండవు, దాని బరువు వచ్చి ఇంజన్ని తోస్తుంది. ఇవేవీ నాకు వైద్య కళాశాలలో చెప్పలేదు. కట్లు కట్టించుకుంటూ రోగులే చెప్పారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఇంత చక్కగా తెలిసినవాళ్లు గొళ్లెం ఎందుకు పెట్టలేదంటే, “దగ్గరే కదండీ” అంటారు.

ఓ రైతు సంగతి చెబుతాను. కొడుకు తోలుతుంటే తను మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. కాలువ కట్ట దిగేటప్పుడు బండి పక్కకు ఒరిగి తొడలమీద పడింది. జేసీబీ వచ్చేదాకా చాలాసేపు దానికిందే ఉన్నాడు. అంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడట. మంచినీళ్లు అడిగాడట. బండి లేపగానే, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అసలు గండం మొదలయ్యేది అప్పుడే.

నలిగిన కండలోంచి పొటాషియం, మయోగ్లోబిన్ అనే పదార్థాలు ఊరుతుంటాయి. బరువు ఉన్నంతసేపూ అక్కడే ఆగిపోయి ఉంటాయి. బరువు తీయగానే రక్తంలో కలుస్తాయి. పొటాషియం గుండెను ఆపగలదు, మయోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. 1941లో లండన్‌లో బాంబులకు కూలిన ఇళ్ల కింద నుంచి బతికి బయటపడ్డవాళ్లు కొద్దిరోజులకే మూత్రపిండాలు పాడై చనిపోతుంటే, బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ జబ్బును వివరంగా రాశారు. అక్కడ యుద్ధం తెచ్చిన జబ్బును మనం కాలువ కట్టమీద తెచ్చుకుంటున్నాం.

వైద్యం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఛాతీమీద బరువుండి ఊపిరాడకపోతే క్షణం ఆగకుండా తీసేయాలి. కాళ్లు చాలాసేపు నలిగి ఉంటే 108 వాళ్లు వచ్చి సెలైన్ మొదలుపెట్టాక లేపడం మేలు. ఆ తర్వాత గుండె చూసుకోవాలి, మూత్రం కొలవాలి, అవసరమైతే డయాలిసిస్‌కు విజయవాడ పంపాలి.

ఆ రైతునూ పంపాం. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, “వాణ్ణేమీ అనకండి డాక్టరుగారూ, నేనే తోలమన్నా” అన్నాడు. ఇన్నేళ్లలో తాళం నేనే ఇచ్చానని ఒప్పుకున్న మనిషి ఆయనొక్కడే. ఆయన తిరిగి రాలేదు.

జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. ట్రాక్టర్ అదుపు తప్పి బోల్తా, రైతు దుర్మరణం, గ్రామంలో విషాదఛాయలు. తోలింది పద్నాలుగేళ్ల పిల్లాడని లేదు. తోలేవాడు కాక ఇంకొకరు కూర్చోవడానికి ఆ బండిమీద చోటే లేదని లేదు. విలేకరి నాకు తెలిసినవాడే, మంచివాడే. “పోయినాయన మీద ఏం రాస్తామండీ, ఆ పిల్లాడి బతుకు ఏమవుద్ది?” అన్నాడు. జాలిపడ్డాడు, నేనూ కాదనలేను. పేరు రాయమని నేనూ అడగను. కానీ వయసు రాయకపోతే, పక్క ఊళ్లో అదే పేపరు చదువుతున్న ఇంకో తండ్రి అయ్యో అనుకుని, టీ తాగి, తన కొడుక్కి తాళం ఇస్తాడు.

పెద్ద ప్రమాదమైతే పేజీలు నిండుతాయి. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో మిరప చేలకు వెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిదిమంది ఆడకూలీలు పోయారు. ఎన్ని కన్నీళ్లో, ఎన్ని ఫొటోలో. మూడు నెలలు తిరక్కుండానే జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాక్టర్ పడి 15 మంది పోయారు, వాళ్లలోనూ అత్యధికులు ఆడకూలీలే. మొదటి వార్తను తెలుగునాట చదవనివాళ్లు లేరు. ఆ కన్నీటిలో ట్రక్కు ఎందుకు మనుషుల బండి కాదో చెప్పిన వాక్యాలు ఎన్ని ఉన్నాయో వెతుక్కోవాలి.

మా జగ్గయ్యపేట మండలంలోనే 2020 జూన్ 17న వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టర్‌లో తిరిగి వెళ్తున్న ఖమ్మం జిల్లా భక్తులను లారీ ఢీకొట్టింది. 12 మంది పోయారు. అక్కడ గుద్దింది లారీ, ట్రాక్టర్‌ని తిట్టడం న్యాయం కాదు. కానీ ట్రక్కులో సీటుండదు, బెల్టుండదు, పట్టుకోవడానికి పక్కవాళ్ల భుజం తప్ప ఏమీ ఉండదు. ఎవరు గుద్దినా లోపలివాళ్లు గాల్లోకి లేస్తారు. వ్యవసాయానికని తీసుకున్న బీమా మామూలుగా ఆ ట్రక్కులో ఎక్కిన మనుషులకు వర్తించదన్న సంగతి కర్మకాండలయ్యాక తెలుస్తుంది.

బాధ్యత అనగానే టీవీ చర్చల్లో ఒకాయన, “వీళ్లెందుకు ఎక్కాలి?” అంటాడు. తెల్లారుజామున కోతకు పోయే మనిషికి బస్సుందా? ఎక్కనంటే మేస్త్రి రేపు పిలుస్తాడా? నా దగ్గరికి విరిగిన చేత్తో వచ్చిన ఓ తల్లి, కట్టు ఎప్పుడు విప్పుతారని అడగలేదు. “రేపు కోత ఉంది, ఎడం చేత్తో కోసుకోనా?” అంది. ఆమెకు బాధ్యత గురించి ఉపన్యాసమిచ్చే నోరు నాకు లేదు. బాధ్యత అందరికీ సమానంగా పంచేది కాదు. ఎవరికి వద్దనే వీలుందో వాళ్ల వాటా పెద్దది. ముందు యజమాని, ఆ తర్వాత మేస్త్రి, ఆ తర్వాత తోలేవాడు.

అమెరికాలో 1980లలో పొలాల్లో, ఇసకలో తోలే మూడు చక్రాల మోటారు బండ్లమీద ఇదే తగువు నడిచింది. తోలేవాళ్ల నిర్లక్ష్యమని తయారీదార్లు, బండి నిర్మాణంలోనే లోపముందని ఎదుటివాళ్లు. చనిపోయినవాళ్లలో పిల్లలు ఎందరో జనానికి తెలిశాక, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్లు అమ్మడం ఆపేశాయి. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రం తప్పనిసరి చేసింది. బండి తిరగబడ్డా మనిషి నలగకుండా కాసే ఇనప చట్రమది, బెల్టు పెట్టుకుంటేనే పూర్తిగా పనిచేస్తుంది. అక్కడ ట్రాక్టర్ తిరగబడి చావడం క్రమంగా అరుదైపోయింది. మనవాళ్లు ఎండకు వేయించుకున్న టాపు చూపించి, “ఉందండీ చట్రం” అంటారు. ఆ రేకు వర్షాన్ని ఆపుతుంది, రెండు టన్నుల ఇనుమును ఆపదు.

విలేకరి మిత్రులు ఆసుపత్రికి ఫోన్ చేసి, “ఎంతమంది సీరియస్ అండీ?” అని అడుగుతారు. ఆ లెక్క చెప్తాను. దాంతోపాటు మీరు ఊళ్లో ఇంకో నాలుగు అడగండి. తోలినవాడి వయసెంత? మడ్‌గార్డు మీద ఎవరున్నారు? బ్రేకు పెడళ్లు కలిపి ఉన్నాయా? తాళం ఎవరిచ్చారు? పేర్లు దాచండి, జవాబులు వేయండి. విషాదఛాయలకు ఇచ్చే జాగా చాలు వీటికి.

ఇక తండ్రులకు. మైనరు చేతికి బండిస్తే యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. జైలంటే మీరు భయపడరని నాకు తెలుసు, మన ఊళ్లో ఎవరు పట్టుకుంటారన్న ధీమా. కాబట్టి చట్టం సంగతి వదిలేస్తున్నాను. పిల్లాడు పద్దెనిమిది నిండి లైసెన్సు తెచ్చుకునేదాకా తాళం గూట్లో పెట్టకండి, మేకుకు తగిలించకండి. మొలతాడుకు కట్టుకోండి.