సైబర్‌ టవర్స్‌కి దారి... ఇంటర్‌ మీదుగా!

హైటెక్‌ సిటీకి మెట్రోలో రావచ్చు, బస్సులో రావచ్చు, సొంత కారులో రావచ్చు. కానీ తెలుగు పిల్లలు ఎక్కువమంది ఇక్కడికి వచ్చింది మాత్రం ఇంటర్మీడియట్‌ అనే రెండేళ్ల వంతెన మీదుగానే. ఆ వంతెన ఎలా ఉండాలో వందేళ్ల కిందటే ఓ బ్రిటిష్‌ కమిషన్‌ చెప్పింది.

మాదాపూర్‌లో పొద్దున తొమ్మిదిన్నర. హైటెక్‌ సిటీ మెట్రో స్టేషన్‌ మెట్ల మీద కాలు పెట్టే సందు ఉండదు. మెడలో ఐడీ కార్డులు, వీపున ల్యాప్‌టాప్‌ బ్యాగులు. ఒకరిది గుడివాడ, ఇంకొకరిది సిద్దిపేట, మరొకరిది అనంతపురం. యాస వేరు, కంపెనీ వేరు, జీతం వేరు. 'ఇంటర్‌లో ఏ గ్రూపు?' అని అడిగితే మాత్రం చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే... ఎంపీసీ!

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్‌ టవర్స్‌ను ప్రారంభించేనాటికి ఈ చుట్టుపక్కలంతా రాళ్లగుట్టలే. ఆ తర్వాత గుట్టలు కరిగాయి, అద్దాల మేడలు లేచాయి. మేడలకు ఇంజినీర్లు కావాలి. ఇంజినీరింగ్‌ సీటుకు ఇంటర్‌ లెక్కలు కావాలి. అలా పదహారు, పదిహేడేళ్ల పిల్లల చదువుకూ ఈ కారిడార్‌కూ ముడిపడింది.

పదమూడు సంపుటాల నివేదిక

1917లో వైస్రాయ్‌ చెమ్స్‌ఫర్డ్‌ ప్రభుత్వం కలకత్తా విశ్వవిద్యాలయం పరిస్థితిని పరిశీలించడానికి ఓ కమిషన్‌ వేసింది. అధ్యక్షుడు ఇంగ్లండులోని లీడ్స్‌ విశ్వవిద్యాలయ వైస్‌ఛాన్సలర్‌ మైఖేల్‌ శాడ్లర్‌. సభ్యుల్లో ఆశుతోష్‌ ముఖర్జీ, జియాఉద్దీన్‌ అహ్మద్‌ కూడా ఉన్నారు. అప్పగించిన పని యూనివర్సిటీ గురించే. కానీ కింది మెట్టు సరిగా లేకుండా పై మెట్టును బాగుచేయలేమని కమిషన్‌కు అర్థమైంది. దాంతో హైస్కూలు చదువుల్నీ తరచి చూసింది.

అప్పటికి బెంగాల్లో డిగ్రీ కోసం చదువుతున్నవాళ్లు దాదాపు 26 వేలు. ఇంచుమించు అంతే జనాభా ఉన్న బ్రిటన్‌లోనూ అంతేమంది. సంఖ్యకు కొరత లేదు, చదువులోనే లోపం. మెట్రిక్యులేషన్‌ గట్టెక్కిన కుర్రాళ్లు నేరుగా కాలేజీల్లో చేరేవారు. హైస్కూల్లో నేర్వాల్సింది అక్కడ నేర్చుకునేవారు. కిక్కిరిసిన గదుల్లో పాఠాలు, నోట్సు బట్టీ, పరీక్ష... అదే చదువు!

1919లో పదమూడు సంపుటాలుగా వచ్చిన నివేదిక దీనికి ఓ మందు చెప్పింది. ఇంటర్మీడియట్‌ తరగతుల్ని యూనివర్సిటీ నుంచి విడదీయాలి. వాటికి ప్రత్యేక కాలేజీలుండాలి. హైస్కూలు, ఇంటర్‌ చదువుల్ని చూసుకోవడానికి ఓ బోర్డు ఉండాలి. ఇంటర్‌ తర్వాతే యూనివర్సిటీ ప్రవేశం, ఆపైన మూడేళ్ల డిగ్రీ. హైస్కూళ్లలో మాతృభాషకు మరింత చోటివ్వాలనీ, ఆడపిల్లల చదువుకు ప్రత్యేక ఏర్పాట్లు చేయాలనీ కూడా చెప్పింది.

అదే ఏడాది, అదే మెట్రో దారిలో...

హైటెక్‌ సిటీలో నాగోలు వైపు వెళ్లే మెట్రో ఎక్కితే దారిలో తార్నాక వస్తుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అక్కడ దిగొచ్చు. దాని స్థాపనకు ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ అనుమతిచ్చిందీ 1917లోనే! హైదరాబాద్‌ సంస్థానం కాబట్టి బ్రిటిష్‌ కమిషన్‌ మాట ఇక్కడ ఆజ్ఞ కాదు. అక్బర్‌ హైదరీ సలహాతో నిజాం ప్రభుత్వం తన దారి తాను వేసుకుంది. ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా ఉంచి, పై చదువుల్ని ఉర్దూలో చెప్పించింది. పుస్తకాల కోసం అనువాద సంస్థనే పెట్టింది. 1919లో తరగతులు మొదలైంది ఇంటర్మీడియట్‌తోనే. అయితే సంస్థానంలో ఎంతోమంది ఇంట్లో మాట్లాడే తెలుగు, ఆ తరగతి గదిలో బోధన భాష కాలేదు. 1948లో సంస్థానం భారత్‌లో కలిశాక ఉస్మానియా ఇంగ్లిష్‌కి మళ్లింది.

తాతది పీయూసీ... నాన్నది ఇంటర్‌

స్వాతంత్య్రం వచ్చాక ఈ మెట్టు ఎన్నిసార్లు కదిలిందో పాత సర్టిఫికెట్లు చూస్తే తెలుస్తుంది. 1952-53 నాటి మొదలియార్‌ కమిషన్‌ ఇంటర్‌ వద్దంది. దాంతో ఏడాది పీయూసీ వచ్చింది. తాతయ్యల తరంలో చాలామంది చదివింది అదే. ఆంధ్రప్రదేశ్‌లో 1969-70లో పదేళ్ల బడి, రెండేళ్ల ఇంటర్‌ పద్ధతి మొదలైంది. 1971లో చట్టంతో ఇంటర్మీడియట్‌ బోర్డు ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణకు తన బోర్డు వచ్చింది. విడి కాలేజీ, విడి బోర్డు... శాడ్లర్‌ గీసిన బొమ్మ చాలావరకు ఇక్కడ రూపం కట్టింది.

గచ్చిబౌలి దారిలో

సైబర్‌ టవర్స్‌ దాటి గచ్చిబౌలి వైపు సాగితే, కంపెనీలకంటే ముందే వచ్చిన చదువు కనిపిస్తుంది. 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం తొలినాళ్లలో నడిచింది సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్‌ త్రెషోల్డ్‌లో. తర్వాత ఈ బండల మధ్యకి తరలింది. ఇంటర్‌ పూర్తిచేసి నేరుగా అయిదేళ్ల పీజీలో చేరేవాళ్లూ ఇప్పుడు అక్కడున్నారు. ట్రిపుల్‌ ఐటీ, మౌలానా ఆజాద్‌ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం సైబర్‌ టవర్స్‌కి సాటి వయసువే. రెండూ 1998 నాటివి. ఉస్మానియా వదిలేసిన ఉర్దూ మాధ్యమం, యాభై ఏళ్ల తర్వాత ఈ సాఫ్ట్‌వేర్‌ కంపెనీల పక్కనే మళ్లీ చోటు వెతుక్కుంది.

వంతెన... ఇరుకైంది

కమిషన్‌ ఊహించిన ఇంటర్‌ ఒకే దారి కాదు. అందులో ఆర్ట్స్‌, సైన్స్‌తోపాటు వైద్యం, ఇంజినీరింగ్‌, టీచర్‌ వృత్తి, వ్యవసాయం, వాణిజ్యం... ఇలా పలు దారులకు సిద్ధం చేసే చదువులుండాలి. అక్కడితో ఆపినవాడు కూడా చేతిలో ఏదో ఒక విద్యతో బయటికి రావాలి. పరీక్ష కోసమే పాఠం చెప్పే జబ్బు పోవాలి.

మన దగ్గర ఒకేషనల్‌ ఇంటర్‌ లేకపోలేదు. పెళ్లిలోనో, పేరంటంలోనో దాని ఊసెత్తేవాళ్లు ఎందరు? ఎంపీసీ కాకపోతే బైపీసీ. పొద్దున్నే స్టడీ అవర్‌, రాత్రి స్టడీ అవర్‌, వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల జాబితా. యూనివర్సిటీ నుంచి విడిపోయిన ఇంటర్‌ ఎంట్రన్స్‌ చేతిలో చిక్కింది. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్‌ ఫలితాల్లో తప్పులు దొర్లాయని గగ్గోలు పుట్టింది. పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది, ఫెయిలైనవారి పేపర్లను మళ్లీ పరిశీలించింది. ఇళ్లలో పోయిన వెలుగు మాత్రం తిరిగి రాలేదు. ఓ మార్కుల మెమో పిల్లాడి ప్రాణంకంటే బరువు ఎలా అయింది? ఈ ప్రశ్న బోర్డుకే కాదు, ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

ఐటీ కారిడార్‌ ఎంతో ఇచ్చింది. ఊళ్లో అప్పు తీర్చింది, అమ్మానాన్నలకు ఇల్లు కట్టించింది, ఆడపిల్ల చేతికి సొంత జీతమిచ్చింది. అందుకే పదో తరగతి అయిన పిల్లల్ని చూడగానే ఆ అద్దాల మేడలే మనకు గుర్తొస్తాయి. తప్పులేదు. కాకపోతే జూన్‌లో కాలేజీ గుమ్మం ఎక్కినప్పుడు 'మీకు ఎన్ని ర్యాంకులొచ్చాయి?' అని అడగడంతో ఆగిపోవద్దు. 'ర్యాంకు రాని పిల్లలు ఈ రెండేళ్లలో ఏం నేర్చుకుని వెళ్తున్నారు?' అనీ అడగాలి. పదమూడు సంపుటాల్లో శాడ్లర్‌ బృందం వెతికిన జవాబుల్లో అదీ ఒకటి.