తీమార్‌దారీ

బీమార్ పడ్డవాళ్లని కనిపెట్టుకుని ఉండటాన్ని ఉర్దూలో 'తీమార్‌దారీ' అంటారు. మదీనాలో మస్జిద్ దగ్గర గుడారం వేసి గాయపడ్డవాళ్లని చూసుకున్న రుఫైదా (రజి.) కాలం నుంచీ అది మనకి ఇబాదత్‌తో సమానమే. అయితే అందులో మొహబ్బత్ ఎంత ఉందో నజర్ అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఈ సంగతి పురుగుమందు తాగినవాళ్ల వార్డులో నర్సుల్ని చూస్తే తెలుస్తుంది.

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి, మిర్చి వేసే చాలా ఇళ్లల్లో మందు డబ్బా చేతికందేంత దూరంలోనే ఉంటుంది. పంట పోయిన ఏడు అదే డబ్బా మనిషిని మింగుతుంది. మన ఇళ్లల్లో ఇంకో ముసీబత్ ఉంది. ఖుద్‌కుషీ హరామ్ కదా, అందుకని షరమ్. దానికి తోడు పోలీస్ కేసు భయం. ఇజ్జత్ కోసం డబ్బా దాచేస్తారు.

మా రిష్తేదార్లలో ఒక కుర్రాడికి ఇలాగే అయింది. "పొలంలో కళ్లు తిరిగి పడ్డాడు సిస్టర్" అంది వాళ్లమ్మీ. నర్సు ఆమెతో వాదన పెట్టుకోలేదు. చొక్కా వాసన చూసింది. కంటిపాపలు సూదిమొనలంత అయిపోయాయి, నోట్లో నురగ, ఛాతీలో గరగర. డాక్టర్ని పిలిపించి, చేతులకి గ్లౌజులు వేసుకుని, బట్టలు తీయించి ఒళ్లంతా సబ్బుతో కడిగించింది. తర్వాత ఆ తల్లిని పక్కకి తీసుకెళ్లి మెల్లగా అంది: "తప్పెవరిదని అడగట్లేదమ్మా. డబ్బా మీద పేరు కావాలి."

"యా అల్లా, లోగాఁ క్యా బోల్తే..." అని ఏడ్చి, ఆమె నిజం చెప్పేసింది. చాచా బండి మీద వెళ్లి డబ్బా తెచ్చాడు.

పేరెందుకంటే, మోనోక్రోటోఫాస్ లాంటిదైతే అట్రోపిన్ ఇవ్వాలి. పారాక్వాట్ అనే గడ్డిమందైతే ఆక్సిజన్ పెట్టడానికి కూడా ఆలోచించాలి. అట్రోపిన్ తక్కువైతే రోగి తన ఊటలోనే మునిగిపోతాడు. ఎక్కువైతే జ్వరం, పిచ్చిమాటలు. మోతాదు డాక్టర్ రాస్తాడు. కానీ మాటిమాటికీ ఛాతీ విని, చంకలు ఆరాయా లేదా తడిమి చూసి, రాత్రి రెండింటికి డాక్టర్ని లేపాలా వద్దా అని ఫైసలా చేసేది నర్సే.

మూడో రోజు కుర్రాడు మాట్లాడాడు. షుకర్ అల్‌హందులిల్లా, ఇక ఇంటికి తీసుకెళ్తాం అన్నారు పెద్దలు. ఖర్చు కూడా అలాగే ఉంది మరి. నర్సు మంచం దగ్గరికొచ్చి, "బాబూ, దిండు మీంచి తల ఎత్తు" అంది. ఎత్తలేకపోయాడు.

ఈ జహర్‌కి అదొక గుణం. తగ్గిందనుకున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లోపు ముందు మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. ఆ సాయంత్రమే కుర్రాణ్ణి వెంటిలేటర్ మీద పెట్టారు. బతికాడు. ఇంటికి తీసుకెళ్లి ఉంటే మధ్యదారిలోనే అయిపోయేది.

2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కాబట్టి భయం వద్దు. ఎవరింట్లోనూ ఇలాంటి రోజు రాకూడదు. వస్తే మాత్రం మనిషితో పాటు డబ్బా కూడా పట్టుకెళ్లండి, సిస్టర్‌కి సచ్ చెప్పండి. దువా దారిలో చేసుకోవచ్చు.