క్యాచ్ వదిలేసినా అవుటేనా?



"ఇది అన్యాయం!" అని మీ పిల్లలు ఇంట్లో ఎన్నిసార్లు అంటుంటారు? మేం క్లాసులో రోజూ వింటాం. అది నిజంగా అన్యాయమా, లేక తమకు నష్టం జరిగిందన్న కోపమా? ఈ తేడా వాళ్లే తెలుసుకోవాలని ఎనిమిదో తరగతి డిబేట్‌కు ఒక బేస్‌బాల్ రూల్ ఇచ్చాను. క్రికెట్ అయితే ఎవరి టీమ్ వైపు వాళ్లు మాట్లాడతారు కదా!

దాని పేరు ఇన్‌ఫీల్డ్ ఫ్లై రూల్. బేస్‌బాల్‌లో బంతి గాల్లోకి లేస్తే రన్నర్లు తమ బేస్ దగ్గరే ఆగుతారు. క్యాచ్ పట్టేసరికి దూరంగా ఉంటే వాళ్లూ అవుట్ కావచ్చు. క్యాచ్ జారితే మాత్రం వెనక వచ్చేవాళ్లకు చోటివ్వడానికి ముందుకు పరుగెత్తాల్సిందే. అందుకే ఫీల్డర్ సులువైన క్యాచ్‌ను కావాలనే వదిలేసి, ఒకే దెబ్బకు ఇద్దరిని అవుట్ చేసే వీలుండేది. దీన్ని ఆపడానికి 1890లలో ఈ రూల్ తెచ్చారు. మొదటి, రెండో బేస్‌ల మీద రన్నర్లుండి, ఇంకా ఇద్దరు అవుట్ కాకపోతే, ఇన్‌ఫీల్డర్ మామూలుగా పట్టగలిగే బంతికి బ్యాటర్ అవుటే. పట్టినా, వదిలినా సరే. రన్నర్లు పరుగెత్తక్కర్లేదు.

2012 అక్టోబరు 5న అట్లాంటా బ్రేవ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ నాకౌట్ మ్యాచ్‌లో బంతి ఇన్‌ఫీల్డ్ దాటి దూరంగా, ఎవరూ పట్టకుండా నేలమీద పడింది. అయినా అంపైర్ ఈ రూల్ కింద అట్లాంటా బ్యాటర్‌ను అవుట్ అన్నారు. ప్రేక్షకులు సీసాలు విసిరారు. ఆట 19 నిమిషాలు ఆగింది. అట్లాంటా 3-6తో ఓడింది.

"పట్టని క్యాచ్‌కు అవుటేంటి?" అని ఒక జట్టు, "మోసాన్ని ఆపాలిగా!" అని ఇంకో జట్టు వాదించాయి. చివరికి ఒక అమ్మాయి, "రూల్ న్యాయమే మిస్, దాన్ని వాడిన చోటే తప్పు" అంది. క్లాసంతా ఒక్క క్షణం ఆగి ఆలోచించింది.

ఇంట్లో "రూల్ అంటే రూలే" అంటే పిల్లలు మాట వింటారు, కానీ ఆలోచించడం మానేస్తారు. దాని బదులు, "ఈ రూల్ ఎందుకు పెట్టారు? ఎవరిని కాపాడుతోంది? నువ్వు అవతలి వైపుంటే ఏమంటావు?" అని అడిగి చూడండి. వాళ్లు మా స్కూల్ రూల్స్‌నే ప్రశ్నిస్తే మా దగ్గరికి పంపండి. కారణం చెప్పాల్సిన బాధ్యత మాది. చెప్పలేకపోతే ఆ రూల్‌నే మళ్లీ చూసుకోవాలి.