కిలోమీటరుకు జానెడు వాలు

ప్రకాశం బ్యారేజీ వెనక కృష్ణ నిండుగా నిలిచినప్పుడు నీటి మట్టం సముద్రం కన్నా 57 అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కణ్ణుంచి సముద్రానికి ఎనభై తొంభై కిలోమీటర్లు. లెక్క కడితే కిలోమీటరుకు జానెడు వాలు. సీతానగరం దగ్గర తలుపులు దాటి కాలువలో పడిన నీళ్లు ఈ జానెడు వాలునే నమ్ముకుని తెనాలికీ, రేపల్లెకూ, బాపట్లకూ నడుస్తాయి. ఆ నీళ్ల వెంట సైకిళ్ల మీద సాగిన ప్రయాణం ఇది.

గుంపుగా సైకిళ్ల మీద దూరాలు తిరిగేవాళ్లకు కొండలంటే మోజు. గుంటూరు వైపు వాళ్లు కొండవీడు ఘాట్ ఎక్కి దిగుతారు. ఓపిక ఉన్నవాళ్లు నల్లమల దాటి శ్రీశైలం దాకా పోతారు. మా బృందంలో చాలామంది అలా కొండలు తిరిగినవాళ్లే. డెల్టాకు వెళ్దామంటే, బల్లపరుపు నేలలో తొక్కడానికి ఏముందని మొదట అడిగింది కూడా వాళ్లే. డెల్టాను సైకిలు మీద చూడాలన్నా కొండ దగ్గరే మొదలుపెట్టాలని నా పట్టుదల. కొండలు ఆగిపోయిన చోటే డెల్టా పుడుతుంది. ఇవతల సీతానగరం కొండ, అవతల ఇంద్రకీలాద్రి. ఆ ఇరుకు దాటాక కృష్ణను పట్టి ఆపే రాయి సముద్రం దాకా లేదు. ఆనకట్టకు ఆ చోటును ఎంచుకున్నదీ అందుకే.

అందుకని తెల్లవారకముందే ఉండవల్లి గుహల ముందు కలుసుకున్నాం. నాలుగంతస్తుల గుడిని ఒకే కొండలో తొలిచిన చోటు అది. లోపల అనంతపద్మనాభుడు పడుకునే ఉన్నాడు. బయట మేం టైర్లలో గాలి చూసుకుని, చైన్లకు నూనె వేసుకుని, సీటు కింద సంచుల్లో స్పేర్ ట్యూబులు ఉన్నాయో లేదో తడుముకున్నాం. గుహల ముందు రోడ్డు కాస్త పల్లానికి దిగుతుంది. ఈ దారిలో కొండ మనల్ని దించే ఆఖరి దిగుడు అదే.

ఇక కాలువ కథ చెప్పాలి. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని డొక్కల కరువు ఊడ్చిపెట్టింది. పక్కనే కృష్ణ పారుతూ ఉండగా జనం తిండి లేక చచ్చిపోయారు. నది నీళ్లు పొలానికి ఎక్కించే కట్టడం లేకపోవడమే కారణం. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు, 1852లో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. వెనక ఆర్థర్ కాటన్ ఆలోచన ఉంది. దాదాపు నూరేళ్లు పని చేసిన ఆ ఆనకట్ట 1952లో తెగితే, దాని స్థానంలో 1957కల్లా బ్యారేజీ లేచింది. ఈనాడు పశ్చిమ డెల్టాలో సుమారు 5.7 లక్షల ఎకరాలు ఈ ఒక్క కాలువ మీదే ఆధారపడి ఉన్నాయి. తాడేపల్లి వైపు జనం దీన్ని బకింగ్‌హాం కాలువ అంటారు. అసలు బకింగ్‌హాం కాలువ ఇక్కడికి చాలా దూరాన పెదగంజాం దగ్గర మొదలవుతుంది. అయినా ఆ పిలుపు ఊరికే రాలేదు. కాకినాడ నుంచి మద్రాసు దాకా పడవలు నడిచిన నీటిదారిలో ఇదీ ఒక ముక్కే.

మహానటి సావిత్రి పుట్టిన చిర్రావూరు ఎడమ చేతి వైపు ఉండిపోయింది. రేవేంద్రపాడు దాటి దుగ్గిరాల చేరేసరికి ఎండ మెత్తగా పడింది. ఊరి పేరు చెబితే అందరికీ పసుపు యార్డు గుర్తొస్తుంది. నాకు మాత్రం దుగ్గిరాల లాకుల దగ్గర ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. ఎత్తున ఉన్న నీళ్ల నుంచి పల్లంలో ఉన్న నీళ్లలోకి పడవను దించాలంటే రెండు తలుపుల మధ్య ఆపాలి. ఎగువ తలుపు మూసి, దిగువ తలుపు కంతల్లోంచి నీళ్లు మెల్లగా వదిలితే, నీటితో పాటు పడవా దిగుతుంది. ఇంజను అక్కర్లేదు, నీటి బరువే ఆ పని చేసి పెడుతుంది. ధాన్యం, ఉప్పు, కలప, పెళ్లివారు, నాటకాల సామాను అన్నీ ఇలాగే ఎక్కుతూ దిగుతూ పోయేవి. తర్వాత రైలూ లారీ వచ్చి పడవలను ఖాళీ చేయించాయి. ఇక్కణ్ణుంచే కాలువ పాయలుగా చీలుతుంది. కొమ్మమూరు కాలువ పడమటి అంచు పట్టుకుని నడిచి పెదగంజాం దగ్గర బకింగ్‌హాంలో కలుస్తుంది. మిగతావి తెనాలి వైపు, నిజాంపట్నం వైపు సాగిపోతాయి. 2008లో ఈ నీటిదారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాలువ గట్టున నిలబడి చూస్తే పడవ జాడ కనపడదు. గుర్రపు డెక్క కనపడుతుంది.

మూడు కాలువలు ఊరి నడుమ నుంచి పారే పట్టణం తెనాలి. ఆంధ్రా ప్యారిస్ అనే పేరు రావడానికి ఆ నీళ్లూ, నాటకమూ, సాహిత్యమూ కలిసే కారణం. కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టింది ఇక్కడే. చక్రపాణిదీ ఈ ఊరే. 1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి ఆయన మొదలుపెట్టిన చందమామను తర్వాత దశాబ్దాల పాటు నడిపింది కుటుంబరావు. పిల్లలకు అంత శుభ్రమైన తెలుగు ఇచ్చిన పత్రిక వెనక ఈ కాలువ గట్ల ఊరు ఉండటం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది. రణరంగ చౌక్‌లో సైకిళ్లు దిగి నిలబడ్డాం. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా రోజుల్లో పోలీసు కాల్పులకు ఏడుగురు ప్రాణాలు పోగొట్టుకున్న చోటు అది. స్తూపాల చుట్టూ ఆటోలూ బళ్లూ హడావిడిగా తిరుగుతున్నాయి. చదువుకునే పిల్లలు కొందరు మా హెల్మెట్లు చూసి నవ్వుతూ వచ్చి, అసలు ప్యారిస్‌కు కూడా సైకిళ్ల మీద వెళ్లొచ్చా అని అడిగారు. అక్కడ ప్యారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి మళ్లీ ప్యారిస్ చేరే సైకిలు యాత్ర ఒకటి ఉంది. 1891లో మొదలైంది, 1200 కిలోమీటర్లు 90 గంటల్లో ముగించాలి, దారంతా ఎగుడు దిగుడే, మన దేశం వాళ్లూ వెళ్తున్నారని చెబితే కళ్లు పెద్దవి చేసి విన్నారు.

తెనాలి నుంచి రేపల్లె ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే. 1916లో వేసిన రైలు పట్టా ఒక పక్క, పొలాలు ఒక పక్క. సంక్రాంతి వెళ్లిన రోజులు కాబట్టి వరి కోతలు అయిపోయాయి. కోసిన మళ్లలో కొన్ని చోట్ల మినుము పచ్చగా పరుచుకుంది. దుక్కి దున్నకుండా వరి మోళ్ల మధ్యే వేసిన మొక్కజొన్న ఇంకొన్ని చోట్ల మోకాలెత్తు లేచింది. వేమూరు వైపు అరటీ, కందా కనిపించాయి. రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఎందాకా బాబూ, ఇంతమంది కట్టగట్టుకుని?" అన్నారు. సముద్రం దాకా అంటే, "బస్సులున్నయ్ కదయ్యా" అన్నారు. కాలువ చూసుకుంటూ పోతున్నామన్నాక ఆయన గొంతు మారింది. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవలో తెనాలి వచ్చిన సంగతి చెప్పి, టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.

భట్టిప్రోలు దగ్గర ఎక్కువసేపు ఆగాలి. ఊరి పక్క దిబ్బను 1892లో అలెగ్జాండర్ రే తవ్వితే రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు, కుబేరకుడనే రాజు పేరు ఉన్నాయి. క్రీస్తుకు పూర్వపు రాతలవి. భాష ప్రాకృతం. మన తెలుగు లిపి నడక మొదలైంది ఇక్కణ్ణుంచేనని చెప్పే పండితులు చాలామంది ఉన్నారు. ఆ తవ్వకానికి ముందే స్తూపం రాళ్లనూ ఇటుకలనూ రోడ్లకూ కాలువ కట్టడాలకూ పట్టుకుపోయారు. నేను ఇంత ప్రేమగా చెబుతున్న కాలువే ఒక మహాస్తూపాన్ని తినేసింది. ఆ సంగతి తెలిశాక కాలువ మీద అభిమానం తగ్గలేదు గానీ, ఆ దిబ్బ చుట్టూ తిరిగొస్తుంటే మాలో ఎవరికీ మాట రాలేదు.

భట్టిప్రోలు దాటాక కృష్ణ కరకట్ట దగ్గరవుతుంది. అవతల దివిసీమ. పెనుమూడి వంతెన ఎక్కితే పులిగడ్డలో దిగుతాం. 2009 అక్టోబరు వరదకు ఓలేరు దగ్గర ఈ కట్టే తెగి రేపల్లె చుట్టూ ఊళ్లు మునిగాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగినప్పుడు, కట్ట కింది ఊళ్ల జనం నిద్ర మానుకుని ఇసుక బస్తాలు వేశారు. కట్ట మీద తొక్కుతుంటే ఒక పక్క నది, ఇంకో పక్క అంతకన్నా పల్లంలో ఊళ్ల కప్పులు కనిపిస్తాయి. కారులో పోయేవాళ్లకు ఇది తట్టదు.

రేపల్లె నుంచి బాపట్ల దారి అసలు పరీక్ష. పొద్దున మా వీపున ఉన్న గాలి మధ్యాహ్నానికి తిరగబడింది. ఎండకు నేల కాగాక సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. నైరుతి దిక్కుగా పోయే మాకు అది ఎడమ పక్క నుంచి కొట్టింది. కొండ ఎక్కేటప్పుడు ఎక్కుడు ఎక్కడ అయిపోతుందో కంటికి కనపడుతుంది. గాలికి ఆ చివర కనపడదు. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అందుకే సైకిలు గుంపుకు ఒక మర్యాద ఉంది. ముందు మనిషి గాలిని చీలుస్తాడు, వెనకవాళ్లు అతని చాటున తక్కువ బలంతో తొక్కుతారు. కాసేపటికి అతను పక్కకు తప్పుకుని వరస చివరకు చేరతాడు, రెండో మనిషి ముందుకొస్తాడు. పక్కగాలి అయితే ఒకరి వెనక ఒకరుగా కాకుండా ఏటవాలుగా నిలబడాలి. అది రోడ్డును ఆక్రమిస్తుంది కాబట్టి జాతీయ రహదారి 216 మీద కుదరదు, లోపలి ఊళ్ల దారుల్లోనే. మా గుంపులో అందరికన్నా చిన్నది ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి. తన వంతు వచ్చినప్పుడల్లా ముందుకొచ్చి, ఎవరు వద్దన్నా తప్పుకోలేదు. కొండల్లో ఎవరి బలం వాళ్లది. డెల్టా గాలిలో మాత్రం ఒంటరిగా పోయేవాడు ఓడిపోతాడు.

చెరుకుపల్లి దాటి చందోలు. వెలనాటి చోళుల రాజధాని ఇదే. బండ్లమ్మ గుడి ముందు నీళ్లు నింపుకున్నాం. ఇక్కణ్ణుంచి నేల రంగు మారుతుంది. నల్లరేగడి పోయి ఇసుక వస్తుంది. వేల ఏళ్ల క్రితం సముద్రపు ఒడ్డు ఎక్కడెక్కడ ఉండేదో అక్కడల్లా ఇసుక గట్లు వరసలుగా మిగిలిపోయాయి. ఊళ్లు ఆ గట్ల మీద, వరి మధ్యలోని పల్లాల్లో. రోడ్డు గట్టెక్కి దిగుతుంటే కొండల మనుషులం గేర్లు మార్చుకున్నాం.

బాపట్ల భావనారాయణస్వామి ఊరు. స్థానం నరసింహారావు ఊరు. 1913 మేలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న మాట సభలో గట్టిగా వినిపించింది ఇక్కడే. అయితే ఈ ఊరు దేశానికి ఇచ్చింది మరొకటి ఉంది. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాలతో ఇక్కడ పెరిగిన వరి పరిశోధన నుంచి 1986లో బీపీటీ 5204 బయటికొచ్చింది. బీపీటీ అంటే బాపట్లే. సాంబమసూరి అని మనం రోజూ తినేది అదే. మేం తొక్కుకుంటూ వచ్చిన మళ్లలో ఏళ్ల తరబడి పండింది ఎక్కువగా ఆ రకమే. ఆ రాత్రి బాపట్లలో ఆ అన్నమే తిన్నాం. పొద్దున్నే మిగిలిన తొమ్మిది కిలోమీటర్లు తొక్కి సూర్యలంక చేరాం.

ఈ దారి మీరూ రావచ్చు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. చీకటితోనే బయల్దేరండి, కనీసం నలుగురు కలిసి రండి, పంపూ ట్యూబూ మరవకండి. గేరు సైకిలే ఉండాలని లేదు. అలాగే కాలువ కట్టల బాధ్యత ఉన్న అధికారులకూ, పంచాయతీలకూ ఒక మనవి. లక్షల ఎకరాలకు నీళ్లిచ్చే కాలువలో ఊరి చెత్తా, కోళ్ల వ్యర్థాలూ, మురుగూ వదలడం ఆపండి. కట్టల మీది ముళ్లకంప కొట్టించి, రెండు పక్కలా నీడచెట్లు వేయించి, సైకిలు పోయేంత దారి బాగు చేయించండి. సీతానగరం నుంచి సూర్యలంక దాకా అంత అందమైన సైకిలు బాట రాష్ట్రంలో ఇంకెక్కడా వేయలేరు. భూమి కొనాల్సిన పని లేదు, కట్ట ఎప్పుడో వేసి ఉంది.