ఉద్దానం తోటల్లో గొంతు నడిచిన దారి

పలాస స్టేషన్లో దిగగానే మనల్ని ముందు పలకరించేది జీడిపప్పు! కాశీబుగ్గ దాటి వజ్రపుకొత్తూరు వైపు ఆటో ఎక్కితే ఇక ఉద్దానమే. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చేసిన తోటల్లో మళ్ళీ పచ్చదనం తలెత్తింది.

నేను వెళ్ళింది మాత్రం జముకుల కథ వినడానికి. 2020లో విడుదలైన 'పలాస 1978' చూసినవాళ్ళకి ఈ సీమ పాట రుచి తెలిసే ఉంటుంది. రఘు కుంచె దానికి సంగీత దర్శకుడు.

రాత్రి తొమ్మిదింటికి కథ మొదలైంది. అయిదు నిమిషాలకే మైకు కూత పెట్టింది! మిక్సర్ దగ్గరి కుర్రాడు గబుక్కున ఫేడర్ దించాడు. కూత ఆగింది గానీ ముసలి కథకుడు గొంతు చించుకోవడం మొదలెట్టాడు. మిక్సర్ మీద ఎర్రదీపం మిణుకుమంటోంది. మాట బొంగురుపోయి వినబడుతోంది.

"నా గొంతు నాకే ఇనబడతనేదు బాబూ!" అన్నాడాయన. ఇలా ఇంకో గంట అరిస్తే తెల్లారేదాకా కథ సాగేనా?

ఇక్కడ మిక్సర్ కథ కాస్త చెప్పుకోవాలి. మైకులో పడ్డ గొంతు తీగ వెంట వచ్చి, తనకంటూ ఉన్న నిలువు వరసలో, అంటే చానల్లో దిగుతుంది. పైన గెయిన్, దాని కింద ట్రెబుల్, మిడ్, బాస్ మరలు, అడుగున ఫేడర్. అది దాటితే మాస్టర్, ఆంప్లిఫయర్, జనం వైపు స్పీకర్లు. మధ్యలో ఆగ్జిలరీ అనే పిల్లకాలువ ఒకటి చీలుతుంది. కథకుడి కాళ్ళ దగ్గరి మానిటర్ పెట్టెకి గొంతు వెళ్ళేది దీని వెంటే.

ఫేడర్ తూములాంటిది. పిల్లకాలువ తూము తర్వాత చీలితే, తూము మూసినప్పుడు అదీ ఎండిపోతుంది. ఆ రాత్రి జరిగింది అదే!

కుర్రాడికి సంగతి అందింది. 'ప్రీ' మీట నొక్కాడు. పిల్లకాలువ ఫేడర్‌కి ముందుకి మారింది. ఎర్రదీపం ఆరేదాకా గెయిన్ తగ్గించి, మానిటర్‌కి ఆ మేరకు పెంచాడు. మైకు వెనకున్న స్పీకర్లని ముందుకు జరిపించి, అప్పుడు నెమ్మదిగా ఫేడర్ ఎత్తాడు.

"ఇప్పుడు ఇనబడతందా తాతా?"

తాత జవాబు చెప్పలేదు. గొంతు దించి, పక్కవాడి జముకు వైపు చెవి ఒగ్గి, కథ అందుకున్నాడు. కొబ్బరాకుల గలగలల్లో ఆ మాట చివరి వరస దాకా చేరింది.

తెల్లారి టెక్కలి బస్సెక్కాను. దగ్గర్లోనే రావివలసలో కప్పులేని గుడిలో ఎండల మల్లికార్జునుడు! ఈసారి ఏ జాతరకి వెళ్ళినా, పాట బాగుంటే వేదికతోపాటు మిక్సర్ దగ్గరి కుర్రాడి వైపూ ఓసారి చూసి చప్పట్లు కొట్టండి.