పొగగొట్టం నీడలో కొత్త బజారు

ఉదయం తొమ్మిదిన్నర. ముంబయి లోయర్ పరేల్ స్టేషన్లో లోకల్ రైలు ఆగగానే మెడలో ఐడీ కార్డులు వేసుకున్న జనం బిలబిలమంటూ దిగుతారు. స్టేషన్ దాటి కాస్త నడిస్తే ఫీనిక్స్ మాల్. అద్దాల వెనక ఖరీదైన గడియారాలు, విదేశీ దుస్తులు... వాటి మధ్య ఆకాశంలోకి నిటారుగా ఓ పాత పొగగొట్టం! అలంకారం కోసం కట్టింది కాదది. ఇక్కడ బట్టల మిల్లు ఉండేదని చెప్పే ఆనవాలు.

ముంబయిలో తొలి నూలు మిల్లుకు 1854లో పునాది పడింది. ఆ తర్వాత పరేల్, వర్లీ, లాల్‌బాగ్ అంతటా మిల్లులే. అందుకే దీనికి 'గిరణ్‌గావ్'... అంటే మిల్లుల ఊరని పేరు. కొంకణ్, సతారాల నుంచి వచ్చినవారితో పాటు మగ్గమే బతుకైన తెలంగాణ పద్మశాలీలూ ఇక్కడికి చేరారు. వర్లీ, నాయ్‌గావ్ గల్లీల్లో ఇప్పటికీ తెలుగు మాట వినిపించేది అందుకే.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. నెలలు గడిచినా రాజీ కుదర్లేదు. మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిగిలింది నగరం నడిబొడ్డున బంగారంలాంటి స్థలం!

ఆ స్థలాన్ని మూడు వాటాలు చేయాలని 1991లో నిబంధన తెచ్చారు. ఒకటి పార్కులకు, మరొకటి సామాన్యుల ఇళ్లకు, మూడోది యజమానికి. 2001లో దాన్ని సవరించారు. భవనాలున్న చోటును వదిలేసి, ఖాళీ జాగానే పంచితే చాలన్నారు. దాంతో మొదటి రెండు వాటాలూ చిక్కిపోయాయి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అంతకుముందు ఏడాదే నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ అయిదు మిల్లుల స్థలాలు అమ్మితే రెండువేల కోట్ల రూపాయలకు పైగా వచ్చాయి.

ఇక చూడాలి... బ్యాంకులు, టీవీ ఛానళ్లు, ప్రకటనల సంస్థలు, హోటళ్లు వరస కట్టాయి. పెద్ద ఆఫీసు వస్తే దాని చుట్టూ చిన్న వ్యాపారం పుడుతుంది. వడాపావ్ బండి, టీ కొట్టు, జిరాక్సు షాపు, డబ్బావాలా... మధ్యాహ్నం ఒంటిగంటకు ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటుండదు.

అన్నం అమ్మకం ఇక్కడ కొత్తేం కాదు. ఒంటరి కార్మికులకు ఇంట్లోనే వండిపెట్టే ఆడవాళ్ల 'ఖానావళులు' ఒకప్పుడు వీధివీధికీ ఉండేవి. అప్పుల ఊబి నుంచి వాళ్లను బయటపడేసేందుకు 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పుట్టింది. మిల్లులు పోయాక ఆ గిరాకీ చెదిరిపోయింది. కొత్త ఆకలి వచ్చింది కానీ, దానికి ఏసీ రెస్టారెంట్లు కావాలి. హడావుడిగా పెరిగిన వ్యాపారానికి మూల్యమూ ఉంది. 2017 డిసెంబరులో కమలా మిల్స్ ఆవరణలోని రూఫ్‌టాప్ పబ్‌లలో మంటలు చెలరేగి 14 మంది చనిపోయారు.

మరి మగ్గం నడిపినవాళ్లో? ఇళ్ల కోసం మిల్లు కార్మికులు, వారి వారసుల నుంచి లక్షన్నరకు పైగా దరఖాస్తులు వచ్చాయి. దక్కింది కొద్దిమందికే. అయితే పక్కనే ఓ మంచి కబురు. వర్లీలోని బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో తరాలుగా కాపురమున్న కుటుంబాల్లో 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి. పైసా ఖర్చు లేకుండా!

పాత స్థలం కొత్త వ్యాపారానికి దారిస్తే నగరానికి లాభమే. ఆ దారిలో పాతవాళ్లకూ చోటు మిగిలిందా అన్నదే లెక్క. మాల్ మధ్య నిలిచిన పొగగొట్టం రోజూ అడిగేదీ అదే.