చెప్పకనే చెప్పడం

కంప్యూటర్‌కు ప్రోగ్రాం రాయడమంటే దానితో మాట్లాడటమే కదా అంటారు చాలామంది. రెండేళ్ళుగా కాస్తో కూస్తో రాస్తున్న నాకు మాత్రం అలా అనిపించదు. ఎందుకో మన ముత్తుకూరు రొయ్యల గుంటల సాక్షిగా చెబుతాను.

“ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు వెయ్యి” అని రైతు తన కాపలా మనిషితో అంటాడు. అంతే, పని జరిగిపోతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుందనీ, రొయ్యలు పైకి వచ్చి ఈదుతుంటే ప్రమాదమనీ అతనికి వేరే చెప్పనక్కర్లేదు. అదే మాట యంత్రానికి చెప్పి చూడండి! తగ్గడమంటే ఎంత? లీటరుకు 4 మిల్లీగ్రాములా, 3 మిల్లీగ్రాములా? ఎన్ని నిమిషాలకొకసారి చూడాలి? మళ్ళీ ఎప్పుడు ఆపాలి? కొలిచే పరికరమే చెడిపోతే? వీటిలో ఒక్కటి వదిలేసినా, తెల్లారేసరికి ఒక కుటుంబం పెట్టుబడి గుంట అడుక్కి చేరవచ్చు. యంత్రాన్ని తిట్టి లాభం లేదు. చెప్పినంతే చేసింది పాపం.

1999లో అమెరికావారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుని చెంత నాశనమైంది ఇందువల్లే. ఒక ప్రోగ్రాం పౌండ్ల లెక్కన అంకెలిస్తే, మరొకటి వాటిని న్యూటన్లుగా తీసుకుంది. అంకె చేరింది, దాని వెనకున్న కొలత చేరలేదు.

మనుషుల మధ్య చెప్పనిదే ఎక్కువ. హాస్టల్ నుంచి ఫోన్ చేసి “పంట ఎట్టుంది నాయనా?” అని అడిగితే, మా నాయన “ఆ... ఉందిలే” అంటాడు. నిఘంటువు ప్రకారం అది శుభవార్తే! కానీ ఆ “లే”లో ఎంత నష్టముందో నాకు తెలుసు. ఆ నెల మెస్ బిల్లు సంగతి ఎత్తను.

అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు పంచుకున్న రాజ్ రెడ్డిగారు యంత్రానికి మాట వినడం నేర్పినవారిలో ప్రముఖులు. 1970ల మొదట్లో ఆయన బృందం తయారుచేసిన ‘హియర్‌సే’ చదరంగపు ఎత్తులను నోటిమాటగా వినేది. శబ్దమొక్కటే చాలక, పావులెక్కడున్నాయో చూసుకుని, ఏ ఎత్తుకు వీలుందో ఊహించేది. వినడానికి చెవి ఒక్కటే చాలదన్నమాట!

ఇవాళ తెలుగులో అడిగినా ప్రోగ్రాం రాసిపెట్టే యంత్రాలొచ్చాయి. అయినా ఎంత తగ్గితే తగ్గినట్టో తేల్చవలసింది మనమే.

మిత్రులారా, రేపు మనలో చాలామందిమి గుంటగట్ల మీద రైతులతో మాట్లాడవలసినవాళ్ళమే. తేల్చి చెప్పడం ప్రోగ్రాంల దగ్గర నేర్చుకుందాం. కానీ రైతు “ఉందిలే” అన్నప్పుడు “ఎంత శాతం?” అని రాసుకుని వచ్చేయకండి. గట్టు మీద కాసేపు కూర్చోండి.